వయొలిన్లు రాని ముహూర్తం

మొన్న జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర కారు ఎంతకీ కదలకపోతే, విసుక్కుంటున్న నన్ను ఊరుకోబెట్టడానికి మా మేనకోడలు ఏదో కొత్త పాట పెట్టింది. అందులో అన్నేసి వయొలిన్లు మోగుతున్నా ఒక్క మనిషీ వాయించలేదట, అంతా కంప్యూటరేనట. వాదనకు దిగబోయినదాన్నే, ఎందుకో ఆగిపోయాను. రోడ్డు పక్కన మిగిలిన బండరాళ్ళ మీద ఎండ మెత్తగా కరుగుతోంది, ఆ వెలుతురులో పెదనాన్న నడిచి వస్తున్నట్టే అనిపించింది.

మా పెద్దమ్మ భర్త ఆయన, సినిమా పాటలకు బాణీలు కట్టేవాడు. ఢాకా దగ్గర పల్లెలో పుట్టి, దేశం రెండు ముక్కలైనప్పుడు పసివాడిగా కలకత్తా చేరి, పాట వెంట మద్రాసు వచ్చి, పెద్దమ్మను పెళ్ళాడి, చివరికి సినిమావాళ్ళతోపాటు హైదరాబాదు వచ్చి శ్రీనగర్ కాలనీలో అద్దెకు దిగాడు. తెలుగులో ఎవరినైనా, గోడ మీది పిల్లినైనా, మీరు అనేవాడు. కట్టిన బాణీని ముందు ఇంట్లో పాడి వదిలేసేవాడు. వంట చేస్తూనో బట్టలు మడతపెడుతూనో మేము మాకు తెలియకుండానే కూనిరాగం తీసేదాకా అది కుదిరినట్టు ఒప్పుకునేవాడు కాదు.

నేను ఎం.ఏ. చదువుతూ వాళ్ళింట్లో ఉన్నప్పుడు, ఇక్కడికొచ్చాక ఆయనకు దొరికిన మొదటి సినిమాకు ఫిలింనగర్‌లో పాట రికార్డింగుతో ముహూర్తం పెట్టారు. అది చేజారితే మళ్ళీ మద్రాసేనని పెద్దమ్మ సామాను సగం విప్పనే లేదు. తీరా మేమంతా స్టూడియోకు వెళ్ళి చూస్తే మద్రాసు నుంచి రావలసిన వాద్యగాళ్ళు లేరు. స్టేషనుకు వెళ్ళిన డ్రైవరు ఒక్కడే తిరిగి వచ్చాడు.

"బండి బెజవాడ కాడ్నే ఆగిందంట సార్. సాయంత్రందాక రాదంటున్రు."

"మకాం మార్చావు గానీ మనుషుల్ని తెచ్చుకోలేకపోయావు దాదా," అన్నాడు నిర్మాత పెదనాన్నతో. "ఈ గడియ దాటితే నేను ఇంకొకరిని చూసుకోవాలి, ఏమనుకోకు."

గడియారం చూసి పాట పుడుతుందా అని నేను నిర్మాత మీదికి లేచాను.

"మీరు తర్వాత వాదించండి," అన్నాడు పెదనాన్న నాతో, "ముందు మైకు దగ్గరికి రండి."

పెద్దమ్మను, ఇంటినుంచి భోజనాలు తెచ్చిన మా వంటమనిషిని కూడా పిలిచాడు. "నాకు పాటలు రావయ్యా, గీ అన్నం గంజులు ఎవరు చూస్తరు," అని వంటావిడ గొణిగింది. ఇంట్లో తీసినట్టే తీయమన్నాడు. తలుపు మూశారు, ఎర్రదీపం వెలిగింది, ముగ్గురం ఆ కూనిరాగం అందుకున్నాం. నా గొంతు సన్నగా పలికింది, పెద్దమ్మది శ్రుతికి కాస్త అటూఇటూ అయింది, వంటమనిషిదే నదిలా నిండుగా సాగింది. నిర్మాత కొబ్బరికాయ కొట్టాడు. సాయంత్రం వయొలిన్లు వచ్చి పాట పూర్తయ్యాక, మొదట్లోని ఆ ఆడగొంతుల్ని తీసేయవద్దని అన్నది కూడా ఆ నిర్మాతే.

సినిమా ఆడలేదు, పాట నిలిచింది. ఆ వారమే పెద్దమ్మ మిగిలిన పెట్టెలు విప్పింది. తర్వాత ఎవరు మీది ఏ ఊరని అడిగినా పెదనాన్న తడుముకోకుండా శ్రీనగర్ కాలనీ అనేవాడు.

ఇప్పుడు పాట చేయడానికి ఊరు మారనక్కర్లేదు, అద్దెఇల్లు వెతకనక్కర్లేదు, పరాయి భాషలో తడబడనూ అక్కర్లేదు. సుఖమే, కాదంటే నాతో నేనే వాదించుకోవాలి. కాకపోతే, పాట కోసం అంతదూరం నుంచి వచ్చి మనింటి మనిషైపోయేవాడు ఇక ఏ ఇంటికీ రాడేమోనని, అదొక్కటే దిగులు.