త్రేన్పుల లేబుష్

ముందు ఆ త్రేన్పు వినిపించింది.

చిన్నది కాదు. పొట్ట అడుగున ఎక్కడో మొదలై, మెట్లెక్కుతున్నట్టు ఒక్కో స్వరం మీదా కాలు పెట్టి పైకొచ్చి, అక్కడ కాసేపు నిలబడి, చివరికి తలుపు సందులోంచి జారిపోయే పిల్లిలా మెత్తగా ముగిసింది. కాఫీ పట్టుకుని వరండాలో నడుస్తున్న మార్లా ఆగిపోయింది. లోపల తాగుబోతు ఎవడో ఉన్నాడనుకుంది. తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, భుజాల మీద ప్యాంటు పట్టీలు, చేతిలో సగం ఖాళీ అయిన సోడా గ్లాసుతో ఒక పొట్టి ముసలాయన బయటికొచ్చాడు. మడిచిన రుమాలుతో పెదాలు అద్దుకున్నాడు.

"అది నాది కాదమ్మాయ్," అన్నాడు. "మీ తాతది."

మార్లాకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక కాఫీ ఒలికేంతగా నవ్వింది. ఆ తాతని రాసింది తనే.

ఆ చలికాలం బర్‌బ్యాంక్‌లోని ఆ స్టూడియోలో వాళ్లంతా యూదుల దీపాల పండగ హనుక్కా మీద ఒక కార్టూన్ సినిమా తీస్తున్నారు. సినిమా మొత్తం నోటి దురుసు తాత ఒకడు, వాడి పొట్ట. వాడు పండక్కి నూనెలో వేయించిన బంగాళదుంప అట్లు, లాట్కెలు, పళ్లేలు పళ్లేలు లాగిస్తాడు. వాడొక్క పిత్తు పిత్తితే పక్కింటివాళ్ల క్రిస్మస్ బల్బులన్నీ వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా టపటపా పేలిపోతాయి. మార్లా సుస్మన్ ఆ సీను రాస్తూ తన ఫ్లాట్‌లో ఒక్కతే కూర్చుని పడీపడీ నవ్వింది. క్రిస్మస్ నెలంతా ఊరిమీద మెరిసే తమవి కాని దీపాల కింద మూగగా నడిచిన యూదు పిల్లలెవరైనా అలాగే నవ్వుతారు.

తాత నోటి, పొట్ట, ముక్కు చప్పుళ్లన్నీ లేబుష్ గార్ఫింకెల్‌వి. స్టూడియోలో అందరూ అతన్ని త్రేన్పుల లేబుష్ అనేవాళ్లు, ఎదురుగానే. అతనికేం పట్టింపు లేదు. గుర్రం సకిలింపు, మోరీ గుటక, ఎలుగుబంటి ఆవలింత, జలుబు చేసిన ఏనుగు, ఏదడిగినా ఆ గొంతు లేదనలేదు. ఇన్నేళ్లలో అతని పేరు మాత్రం ఏ తెరమీదా విడిగా రాలేదు. చివర్లో ఇతర గొంతులు అని చీమలంత అక్షరాల్లో వెళ్లే గుంపులో ఒక్కోసారి ఉండేది, ఒక్కోసారి అదీ ఉండేది కాదు.

మధ్యాహ్నాలు అతను క్యాంటీన్‌లో ఏమీ ముట్టుకునేవాడు కాదు, మత నియమానికి పడదని. ఇంటినుంచి తెచ్చుకున్న ఉడికిన గుడ్డు, నల్ల రొట్టె, పార్కింగ్ పక్క బెంచీ మీద కూర్చుని తినేవాడు. మార్లా కూడా అక్కడికే రావడం మొదలెట్టింది. ఎడారివైపునుంచి వేడిగాలి వీస్తుండేది. డిసెంబరులో కూడా గోడవారన నారింజలు పండి రాలుతుండేవి. ఆ బెంచీ మీదే అతని కథ ముక్కలు ముక్కలుగా ఆమె చేతికి వచ్చింది.

పుట్టింది బాయిల్ హైట్స్‌లో. తండ్రి పండగలకి యూదుల ప్రార్థనా మందిరం సినగాగులో ముందు నిలబడి ప్రార్థన పాడేవాడు. లేబుష్ ఆయన పక్కన, ఆయన మోచేతి ఎత్తున నిలబడి పాడేవాడట. "నేను పాడితే ఆడవాళ్ల వైపు పరదా కదిలేదమ్మాయ్," అన్నాడు గుడ్డు పెంకు తీస్తూ. "గాలికో నాకో తెలీదు. నాకే అనుకునేవాణ్ణి." పన్నెండేళ్లు దాటాక ఒక శనివారం ప్రార్థనలో గొంతు పగిలింది. పగిలిన కప్పు అతికించినట్టు వచ్చింది తప్ప మళ్లీ పాటలా రాలేదు. తండ్రి కోప్పడలేదు. "ఇక వెనక వరుసలో కూచో," అన్నాడంతే.

వెనక వరుసలో ఏం చెయ్యాలి? ముందువాళ్లు ముక్కు చీదుతుంటే వాళ్లలాగే చీదేవాడు. ఒకాయన నిద్రలో గురక పెడితే ఆ గురక అతని నోట్లోంచి ఇంకో మూల వినిపించేది. పిల్లలు చచ్చేట్టు నవ్వేవాళ్లు. తర్వాత మార్కెట్‌లో దోసకాయ ఊరగాయ పీపాల దగ్గర పనికి కుదిరి, పీపా మూత తీసినప్పుడల్లా లోపల మనిషి మునుగుతున్నట్టు చప్పుడు చేసి జనాన్ని పోగేసేవాడు. ఊరగాయ కొనడానికొచ్చిన కార్టూన్ల మనిషి ఒకడు ఊరగాయతోపాటు అతన్నీ పట్టుకుపోయాడు.

"మరి పాట?" అంది మార్లా.

"అది ఈ మధ్య తిరిగొచ్చింది," అన్నాడు సిగ్గుపడుతూ. "గిన్నెలు తోముతుంటే. మా ఆవిడ ఫ్రూమా రేడియో పెట్టాననుకుందట."

నిజంగానే తిరిగొచ్చింది. ఒకరోజు మైకు సరిచేస్తున్నారని వరండాలో నిలబడి అతను ఏదో కూనిరాగం తీస్తుంటే దర్శకుడు హౌవీ విన్నాడు. గొంతు సన్నగా, కాస్త తుప్పు పట్టి, చాలాకాలం మూసి ఉంచిన గదిలోకి వచ్చిన వెలుతురులా ఉంది. హౌవీకి అప్పటికప్పుడు ఆలోచన వెలిగింది. సినిమా చివర్లో తాత హనుక్కా దీపాల ముందు నిలబడి ప్రార్థన పాడాలి. అందరూ కరిగిపోవాలి. చివరి మాట దగ్గర త్రేన్పు రావాలి, ఆ గాలికి దీపాలన్నీ ఆరిపోవాలి. తాత మాటలు చెప్పడానికి పేరున్న నటుడున్నాడు. ఈ సీను మాత్రం లేబుష్‌ది. "తెరమీద మీ పేరు విడిగా వేస్తాను పెద్దాయనా. ఒక్క వరుస మొత్తం మీదే."

లేబుష్ ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెప్పాడు. మర్నాటికల్లా వాళ్లింటి దగ్గరి ఫెయిర్‌ఫాక్స్ వీధిలో చేపల కొట్టువాడికి కూడా తెలిసిపోయింది.

రిహార్సళ్లు మొదలయ్యాయి. పాట పొడుగు, త్రేన్పు పొడుగు, దీపాలు ఆరే వేళ, అన్నీ బొమ్మలతో కుదరాలి. ఎన్నిసార్లు పాడించారో లెక్కలేదు. ప్రతిసారీ దేవుడి నామం రావాల్సిన చోట లేబుష్ "అదోషెమ్" అన్నాడు. అది విన్న మొదటిసారే మార్లాకి వంటింట్లో వాళ్ల అమ్మమ్మ గుర్తొచ్చింది. అమ్మమ్మ ప్రార్థన నేర్పేటప్పుడు అలాగే అనేది. పళ్లు లేక అలా పలుకుతోందని అనుకుంది అప్పట్లో.

పచ్చి బొమ్మలతో కూర్చిన సినిమాని కొందరికి వేసి చూపించారు. అందులో ఒకామె, ఆ ముసలాడికి ప్రార్థనే సరిగ్గా రాదేమిటని అడిగింది. హౌవీ లేబుష్‌ని పిలిచాడు. మార్లా అక్కడే ఉంది.

"పెద్దాయనా, అదోషెమ్ ఏంటి? అదేం మాట?"

"మాట కాదు బాబూ. మాట బదులు."

"అసలు మాట అనొచ్చుగా?"

"దీపమెక్కడుంది?"

"దీపం బొమ్మలో వస్తుంది."

"బొమ్మలో వచ్చినప్పుడు బొమ్మ అంటుందిలే. నేను మాత్రం దీపం ముట్టించేటప్పుడే అంటాను. ఊరికే అనకూడదు. నేర్చుకునేటప్పుడు, నేర్పేటప్పుడు, ఇదిగో ఇలాంటి కోతి వేషాలప్పుడు బదులు మాటే."

హౌవీ కుర్చీలో వెనక్కి వాలాడు. చెడ్డవాడు కాదు. "మా నానమ్మ బతికుంటే నన్ను చెప్పుచ్చుకుని కొట్టేది, నాకు తెలుసు. కానీ జనం తాతకి ప్రార్థన రాదనుకుంటే సీను చస్తుంది. అసలు మాటతో ఒక్కసారి. మీరు కాదంటే ఇంకెవరినైనా చూసుకోవాలి. నాకిష్టం లేదు. చూసుకోవాలి."

లేబుష్ సోడా గ్లాసు బల్లమీద పెట్టి, ఇంటికెళ్లి ఆలోచిస్తానన్నాడు. వరండాలో ఆ రోజు ఎవరూ త్రేన్పు వినలేదు.

తర్వాత బెంచీ దగ్గర కలిసినప్పుడు అతని దగ్గర ఉపాయం ఉంది. చెబుతుంటే కళ్లు అటూ ఇటూ పరిగెత్తాయి.

"వచ్చేవారం హనుక్కా. మొదటి సాయంత్రం నువ్వు మా ఇంటికి మైకు, రికార్డు చేసే మిషను పట్టుకురా. నేను నిజం దీపం ముట్టిస్తాను, నిజం ప్రార్థన, నిజం నామం. నాకు తప్పులేదు. పక్కన నీ మిషను ఏం వింటుందో అది మిషను ఇష్టం."

"త్రేన్పు?"

"అది విడిగా ఎప్పుడో ఇచ్చేశాగా. అతికించేది మీరు. నేను కాదు."

"సినగాగులో రబ్బీని అడిగారా?"

"అడిగితే వద్దంటాడు. అందుకే అడగలేదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వయ్యాక అతను రొట్టె ముక్క చాలాసేపు నమిలాడు. ఇంకా మింగుడు పడనిదేదో ఉందని ఆమెకి తెలిసింది. హౌవీ చెప్పిన ఆ సీనుని కాగితం మీద పెట్టిన చేతులు తనవే.

లేబుష్ ఇల్లు ఫెయిర్‌ఫాక్స్ పక్క సందులో, ఒక బేకరీ పైన. మార్లా వెళ్లేసరికి చీకటి పడుతోంది. మెట్లమీదే నూనె వాసన. ఫ్రూమా చేతులకి పిండితోనే తలుపు తీసింది.

"రా తల్లీ. ఆ మిషను స్టవ్వుకి దూరంగా పెట్టు, నూనె చిందుద్ది. ఒక్కమాట చెప్పు. ఆ పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారు? గార్ఫింకెల్ పొడుగు కదా, మొత్తం పడుద్దా?"

"పడుతుందండీ."

"ఎందుకడిగానంటే, ఈ మనిషి పని చేసిన ప్రతి సినిమాకీ వెళ్లాను. అందరూ లేచిపోయి, లైట్లేసి, ఊడ్చేవాళ్లు వచ్చేదాకా కూచుంటాను. ఎక్కడైనా కనపడుద్దేమోనని. కాళ్లెత్తండి అమ్మా అంటారు. ఎత్తుతాను."

"ఆపవే," అన్నాడు లేబుష్ లోపలినుంచి. శనివారాలకి దాచుకునే కోటు వేసుకున్నాడు. జుట్టు తడిపి దువ్వాడు.

కిటికీ దగ్గర తొమ్మిది కొమ్మల సెమ్మె. మొదటి సాయంత్రం కనుక ఒకే ఒక్క కొవ్వొత్తి, దాన్ని ముట్టించడానికి ఇంకొకటి. ఫ్రూమా స్టవ్వు ఆర్పి, చేతులు తుడుచుకుని వచ్చి నిలబడింది. మార్లా మిషను మీట నొక్కింది. ఎర్రచుక్క వెలిగింది. లేబుష్ దానివైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అతను ఎంత కష్టపడుతున్నాడో మెడమీద కనిపించింది.

ముట్టించే కొవ్వొత్తిని వెలిగించి చేత్తో పట్టుకుని మొదలెట్టాడు.

మార్లా ఆ గొంతుని స్టూడియోలో ఎన్నోసార్లు విన్నది. ఇది అది కాదు. పాట గదిలోకి వచ్చి, కుర్చీల్నీ గిన్నెల్నీ ఒక్కొక్కటే తాకి చూసుకుంటున్నట్టుంది. ఫ్రూమా కళ్లు మూసుకుంది. రెండు మాటలయ్యాయి. నామం వచ్చింది.

"అదోషెమ్," అన్నాడు లేబుష్.

అని, ఆగిపోయాడు.

చేతిలో మంట నిలబడి ఉంది. మైనం కారి వేళ్లమీద పడింది. అతను కదల్లేదు. నోరు ఇంకా సగం తెరిచే ఉంది, ఎవరో ఇంట్లోంచి చెప్పకుండా వెళ్లిపోతే తలుపు తెరుచుకుని ఉండిపోయినట్టు. కింద బేకరీలో ఎవరో ఇనప రేకులు దించుతున్నారు.

"లేబుష్," అంది ఫ్రూమా నెమ్మదిగా. "మళ్లీ."

అతను రెండో చేయి ఎత్తి మిషను వైపు చూపించాడు. మార్లా మీట నొక్కింది. ఎర్రచుక్క ఆరిపోయింది. కాసేపు హౌవీ ముఖం ఆమె కళ్లముందు నిలబడింది. వేలు తియ్యలేదు.

అప్పుడు అతను మొదటినుంచి చదివాడు. పాడలేదు, చదివాడు. ఒక్కో మాట మీద కాలు మోపి, నిలుస్తుందో లేదో చూసుకుని, ఇంకో మాట మీదికి. నామం దగ్గర గొంతు పూర్తిగా చితికిపోయింది. కానీ అన్నాడు. దీపం ముట్టించాడు.

దీపం వెలుగుతుండగా పని చెయ్యకూడదని ఫ్రూమా కూర్చుంది. లేబుష్ కోటు విప్పకుండానే ఎదురు కుర్చీలో కూలబడి వేలిమీది మైనం గోటితో గీకాడు.

"పుట్టి బుద్ధెరిగాక ఈ నామం దీపం ముందు తప్పలేదు," అన్నాడు. "ఏనుగుని అడిగితే ఏనుగు ఇచ్చింది ఈ గొంతు. మోరీ అడిగితే మోరీ. నా మాట వినేదనుకున్నాను. ఇన్నాళ్లూ నేనే దాని మాట వింటున్నానేమో."

"రిహార్సళ్ల వల్లండీ," అంది మార్లా. "అన్నిసార్లు పాడించాం కదా. నోటికి అలవాటైపోయింది. రేపు మళ్లీ వస్తాను. పండగ ఎనిమిది రాత్రులు కదా, ఇంకా ఏడున్నాయి."

"రేపు కూడా ఈ నోరే కదా."

"ఒక్క మాటేగా, లేబుష్," అంది ఫ్రూమా. కటువుగా అనబోయింది, సగంలో గొంతు దిగింది. "చేపల కొట్టువాడిక్కూడా చెప్పాను."

"తెలుసు."

"మా చెల్లెలు కొత్త కోటు కొనుక్కుంది. మొదటాట చూడ్డానికి."

"తెలుసే. ఇందాక దీపం ముందు నిలబడి నేను ఎవరికి పాడానో అది నాకు తెలీడంలేదు. రేపు నామం వచ్చేసరికి భయపడతాను. భయపడి సరిగ్గానే అంటాను. మిషను కోసం సరిగ్గా అంటాను. అదీ తప్పే కదా."

ఫ్రూమా చాలాసేపు కొవ్వొత్తినే చూసింది. అది పొట్టిదైపోతోంది. సగం వేగిన లాట్కెలు నల్లటి పెనంలో చల్లారి బిగుసుకుంటున్నాయి.

"సరే," అంది చివరికి. "అందరూ లేచినప్పుడు నేనూ లేస్తాను ఇకనుంచి."

దీపం తనంతట తను కొండెక్కేదాకా ముగ్గురూ అలాగే కూర్చున్నారు. ఆరాక ఫ్రూమా లేచి స్టవ్వు వెలిగించింది, మార్లాకి కాగితంలో లాట్కెలు చుట్టి ఇచ్చింది, కానీ తినమని బలవంతపెట్టలేదు.

కొత్త సంవత్సరంలో హౌవీ ఇంకొకరిని తెచ్చాడు. ఆ మనిషి నామాన్ని మొదటిసారే స్పష్టంగా అన్నాడు, త్రేన్పు మాత్రం ముందు ఇచ్చిన లేబుష్‌దే అతికించారు. మిగిలిన చప్పుళ్ల కోసం ఫోన్ చేస్తే, గొంతు బాగాలేదని ఫ్రూమా చెప్పి పెట్టేసింది. మార్లా అతన్ని మళ్లీ చూడలేదు. ఆ హనుక్కా సాయంత్రం మెట్లమీద చూసిందే ఆఖరు.

ఆ రోజు మిషను సంచీ భుజాన వేసుకుని ఆమె రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగింది. అతను గుమ్మంలో కోటుతో నిలబడి ఉన్నాడు. హౌవీకి ఏం చెప్పాలని అడిగింది.

"ముసలాడు మాట మర్చిపోయాడని చెప్పు," అన్నాడు లేబుష్. "అబద్ధమేమీ కాదులే తల్లీ. మర్చిపోయాను."