ఒకే మగ్గం మీద రెండు గంజులు

ఆదివారం, కార్తీక మాసం. జగిత్యాలలో మా చెల్లెలి ఇల్లు. ఉన్నవాళ్లు: చెల్లెలు, మేనకోడలు, దాని పదేళ్ల కూతురు, నేను. హైదరాబాద్ డాక్టర్ గారు ఫోన్‌లో.

కోరుట్లలో మీటింగుల హాజరు రాసే ఉద్యోగం ముగించి ఇన్నేళ్లయినా డైరీని ఇలా మొదలుపెట్టే అలవాటు పోలేదు. ఆ సాయంత్రం కూర్చున్నది పాప కండరాల జబ్బు గురించి మాట్లాడడానికి. పాప మెట్లు దిగాలన్నా ఎక్కాలన్నా గోడ పట్టుకోవాలి. ఆ జబ్బున్న పిల్లలు దేశం మొత్తంలోనే బహు కొద్దిమంది. కొత్త మందు ఒకటి పరీక్షిస్తున్నారు, పాపను చేర్చుకుంటామన్నారు. మామూలుగా అయితే వందలమందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు, మరొక గుంపుకు మందు లేని ఉత్త గోలీ ఇచ్చి పోలుస్తారు. ఇక్కడ గుంపులు కట్టడానికి పిల్లలే లేరు కనుక, ప్రతి పిల్లకూ కొన్నాళ్లు మందు, నడుమ కొంత విరామం, మళ్లీ కొన్నాళ్లు ఉత్త గోలీ ఇచ్చి, ఆ పిల్లను ఆ పిల్లతోనే పోల్చి, చివరికి అందరివీ కలిపి లెక్క కడతారట. ఏది ముందో ఏది వెనకో ఇంట్లోవాళ్లకే కాదు, పరీక్షించే డాక్టరుకు కూడా తెలియదు.

మేనకోడలు ససేమిరా అంది. “మందు చేతుల పెట్టుకొని నా బిడ్డకు ఉత్త గోలి ఇస్తరా? ఇచ్చేదుంటె మందే ఇయ్యుమను మామా!”

రేపు పొద్దుటికల్లా చెప్పకపోతే ఆ చోటు ఇంకొక పిల్లకు పోతుందని చెప్పి డాక్టర్ గారు ఫోన్ పెట్టేశారు.

నాకు చిన్నప్పటి సిరిసిల్ల గుర్తొచ్చింది. వీధి పొడవునా పడుగు దారాలు పరిచి, నేతలో పోగులు తెగకుండా గంజి పట్టించే రోజులు నా ఈడువాళ్లు మరిచిపోయి ఉండరు. మా ఇంట్లో మగ్గాలు రెండే, ఒకటి పెదనాయనది, ఒకటి నాన్నది. మగ్గాలు వేరు, చేతులు వేరు కనుక ఒకదాని మీద పాత గంజి, ఒకదాని మీద కొత్త గంజి పెట్టి చూస్తే తేలేది ఏమీ లేదు. బజార్లో కొత్తగా వచ్చిన డబ్బా పొడిగంజి మీద మనసుపడ్డ పెదనాయన తన మగ్గం మీదే దాన్ని వాడి చూస్తానన్నాడు. గంజి కాచేది పెద్దమ్మ. నేత మొదలైన పూటే ఆయన వీధికి వినబడేట్టు అరిచాడు, “చూసినవా, ఒక్క పోగన్న తెగుతున్నదా!” పెద్దమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా అంది: “గది పాత గంజే. నీ డబ్బ మూత ఇంక తియ్యనేలే.”

ఆ తరువాత ఆయనే పెద్దమ్మతో, ఒక పడుగుకు పాతది, ఒక పడుగుకు కొత్తది, నీ ఇష్టం వచ్చిన వరసలో పట్టించు, నాకు మాత్రం చెప్పకు అన్నాడు.

ఇది చెబితే మేనకోడలు నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, “పోగు తెగితె అతుకుతరు మామా. నా బిడ్డను అతుకుతరా?” అంది. పాపకు ఇబ్బందనిపిస్తే ఏ రోజైనా మానుకోవచ్చనీ, చివరికి పిల్లలందరికీ మందే ఇస్తారనీ డాక్టర్ గారు చెప్పిన మాటనే మళ్లీ చెప్పాను. చివరికి మేనకోడలే అడిగింది: “మల్లాపూర్ దిక్కు నుంచి తెచ్చిన ఆకుమందుకు బిడ్డ మంచిగైందని అందరికి చెప్పిన. నెలకే మళ్ల కింద పడ్డది. గదిగూడ ఆ తాత మెచ్చుకున్న పాత గంజేనా?”

ఇప్పుడు సిరిసిల్లలో మేము పడుగు పరిచిన చోట మోటార్ సైకిళ్లు నిలబెడుతున్నారు. మన కళ్లు మనల్ని మోసం చేయకుండా కాచుకునే మనిషి అప్పట్లో ఇంట్లోనే, పొయ్యి దగ్గరే ఉండేది, పైగా వెక్కిరించేది కూడా. ఆ పని ఇవాళ ఎక్కడో మన ముఖం ఎరగని మనిషి సీసాల మీద అంకెలు వేసి చేస్తున్నాడు. వెక్కిరింపు మాత్రం లేదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి మేనకోడలు వాకిట్లో ఫోన్ పట్టుకొని ఉంది. “మేం అస్తం సార్. ఏ సీసల ఏమున్నదో నాకైతె చెప్పకుండ్రి. తెలిస్తె నా కండ్లు అబద్ధమాడుతయి.”

పాప గోడ పట్టుకొని మెట్లు దిగుతోంది. వాళ్లమ్మ చూసింది. నిన్నటికన్నా నయమనీ అనలేదు, కాదనీ అనలేదు.