వదిన వేసిన ఉక్కు రిటైనర్లు

ఇంజను హెడ్లు బాగుచేసే ఆ షెడ్డులో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. మొదట పిలిచింది సొంత మరిది. తర్వాత ఆమెకన్నా పెద్దవాళ్లకూ అదే అలవాటైపోయింది.

ఆ మరిదే ఒకరోజు తన పాత కారు తెచ్చి, వాల్వులను తెరిచే కొత్త క్యామూ, వాటిని మూసే గట్టి స్ప్రింగులూ వేయమని పట్టుబట్టాడు. స్ప్రింగు నెత్తిన టోపీలా కూర్చుని దాన్ని వాల్వుకు పట్టి ఉంచే రిటైనర్లు మాత్రం టైటానియంవే కావాలన్నాడు. రేసు కార్లలో అవే వాడతారట, ఈకలా తేలిగ్గా ఉంటాయట.

వదిన ముందుగా, రోజూ ఎంత తిరుగుతావని అడిగింది. ఆఫీసుకు రానూ పోనూ అరవై కిలోమీటర్లు, ఆదివారాలు కొండదారిలో సరదాకి అన్నాడు.

ఆమెకు తన మొదటి కారు గుర్తొచ్చింది. పని నేర్చుకునే రోజుల్లో, మేస్త్రి వద్దంటున్నా వినకుండా అల్యూమినియం రిటైనర్లు వేసుకుంది. నాలుగు నెలలు గాల్లో తేలింది. ఐదో నెలలో వంతెన మీద ఒకటి చిట్లి, వాల్వు జారి పిస్టన్ మీద పడింది. ఇంజను తుక్కుతుక్కయింది. కబురందగానే మేస్త్రి వ్యాను వేసుకొచ్చి, తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాడు. పల్లెత్తు మాట అనలేదు. "రేసు ఇంజన్ని మాటిమాటికీ విప్పుతారమ్మా. మనది విప్పకుండా ఏళ్లు తిరగాలి," అన్నాడంతే. మర్నాటి నుంచి పక్కనే కూర్చుని మళ్లీ మొదటి నుంచి నేర్పాడు.

అదంతా మరిదికి చెప్పింది. టైటానియం మంచిదే గానీ, స్ప్రింగు రాపిడికి అరుగుతుందేమోనని విప్పి చూస్తూ ఉండాలంది. "టూల్ స్టీలు వేద్దాం. మామూలు ఉక్కుకన్నా గట్టిది, అందుకే పల్చగా, తేలిగ్గా చేస్తారు. నీ కారుకు అది చాలు."

మరిది మొహం ముడుచుకున్నాడు. "మా స్నేహితులకేం చెప్పుకోను వదినా?"

"ఇంటికి కారులోనే వచ్చానని చెప్పు."

రెండేళ్ల తర్వాత మరిది కారు ఇంజను పైమూత విప్పి, అప్పుడు వేసిన ఉక్కు రిటైనర్లలో ఒకటి ఊడదీశారు. ఆ రోజు మేస్త్రిని కూడా పిలిపించింది. చూపు మందగించిన ఆయన, స్ప్రింగు ఆనే చోట బొటనవేలితో తడిమి తడిమి చూసి, ఎక్కడా అరగలేదన్నాడు.

వదిన ఇన్నేళ్లుగా అనలేకపోయిన మాట అనేసింది. "ఆ రోజు మీరు తిట్టి ఉంటే నేను ఈ పని మానేసేదాన్ని మేస్త్రి గారూ. ఇదంతా మీ చలవే."

ఆయన నవ్వాడు. "తిట్టాలనే బయల్దేరాను తల్లీ. దారంతా వెనక కారులో నీ మొహం అద్దంలో కనబడుతూనే ఉంది. ఇంక నోరు రాలేదు."

అన్నీ బిగించాక మరిది మేస్త్రిని అదే కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటిదాకా దింపి వచ్చాడు.