బతికున్న అత్తకు ఆఖరి స్నానం

చనిపోయిన ఆడవాళ్ళకు ఆఖరి స్నానం చేయించే మనిషంటే అందరికీ గౌరవమే, ఆమె తమ మెట్లెక్కుతూ కనిపించనంతసేపు. ఆ వీధిలో ఆమెను నీళ్ళక్క అనేవారు. ఎదురుపడితే సలాం చెప్పి, పక్కకు తప్పుకుని, కాస్త దూరం వెళ్ళాక వెనక్కి తిరిగి ఎవరింటికి పోతోందో చూసేవారు. మందుల షాపుకు వెళ్తున్నా చూసేవారు.

"పెద్ద పుణ్యం చేసుకుంటున్నావమ్మా" అనేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. నీళ్ళక్క తలూపేది. పుణ్యం సంగతి ఆమె కాదనదు. కాని ఈ పనిలోకి ఆమె వచ్చింది పుణ్యం కోసం కాదు, ఇంట్లోంచి బయటపడటం కోసం. పైకి అంటే బాగుండదు గనక ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఇల్లంటే మూడో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషను. హోటళ్ళకు దిండు గలేబులు కుట్టి ఇస్తుంది. వెనక గదిలో మంచం, మంచంలో అత్తగారు. పక్షవాతం ఆవిడ ఎడమ కాలినీ ఎడమ చేతినీ పట్టుకుపోయింది గాని నోటి జోలికి పోలేదు. భర్త టైర్ల షాపులో పనిచేస్తాడు. పొద్దున పోతే మళ్ళీ దీపాలు పెట్టాకే. మంచివాడే. ఇంటికి రాగానే తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని "ఎలా ఉన్నావమ్మా" అని అడుగుతాడు, ఆవిడ చెప్పడం మొదలుపెట్టగానే కునుకు తీస్తాడు.

"ఏమే, ఉన్నావా, పోయావా?" ఇది అత్తగారి పలకరింపు. మిషను ఆగితే ఎందుకాగిందంటుంది, తిరిగితే తల పగిలిపోతోందంటుంది. కిటికీ తెరవమంటుంది, తెరిచాక ఎండంటుంది, మూశాక ఉక్కంటుంది. కోడలు నమాజుకు నిలబడితే, సజ్దాలో నుదురు నేలకు ఆన్చిన క్షణానే పిలుపు వస్తుంది.

"అల్లాతో తర్వాత మాట్లాడుదువు గాని, ముందు ఈ దిండు సర్దు."

దిండు సర్ది, నమాజు మళ్ళీ మొదటికి తెచ్చుకునేది. పెదాలు కదిలేవి. చెవులు మాత్రం వెనక గదిలోనే ఉండేవి. ఏం చదివిందో లేచాక తనకే గుర్తుండేది కాదు.

కూరగాయలకు వెళ్ళొస్తానంటే ఎంతసేపంటుంది. అక్కను చూసొస్తానంటే అత్తగారికి అప్పటికప్పుడు గుండెదడ. అలాంటిది, కింది అంతస్తులో ఒకావిడ పోయి, అప్పటిదాకా వీధిలో ఈ స్నానాలు చేయించే పెద్దామె సాయానికి రమ్మని కబురు పెట్టిన రోజు అత్తగారికి ఏమనాలో తోచలేదు. శవం దగ్గరికి వెళ్ళే మనిషిని ఎంతసేపని అడుగుతారు? ఎదుటి వాటా ఆవిడ కూడా మారుమాట్లాడకుండా వచ్చి మంచం పక్కన కూర్చుంది.

పెద్దామె కాన్పుల నర్సుగా రిటైరైన మనిషి. వీధిలో సగం మందిని ఈ లోకంలోకి లాగింది తనే, సాగనంపుతున్నదీ తనే. "రెండు చోట్లా పని ఒకటేనే. జారిపోకుండా పట్టుకోవాలి, చలి తగలకుండా చూడాలి, చూసింది బయట చెప్పకూడదు" అని మొదటి రోజే పాఠం చెప్పేసింది.

ఆ స్నానాన్ని గుసుల్ అంటారు. నీళ్ళు మణికట్టు మీద పోసుకుని చూడాలి, గోరువెచ్చగా ఉండాలి. ఒంటి మీద దుప్పటి కప్పే ఉంచాలి. చేతికి గుడ్డ చుట్టుకుని ఆ దుప్పటి కిందనుంచే కడగాలి. తల కింద చెయ్యి పెట్టి కొద్దిగా లేపి, పొట్ట మీద మెల్లగా నొక్కాలి. తర్వాత నమాజుకు ముందులాగే ముఖం, చేతులు, కాళ్ళు కడిగే వుజూ, ఆపైన జుట్టు, తర్వాత కుడి పక్క, ఎడమ పక్క. చివరి నీళ్ళలో కర్పూరం. జుట్టు మూడు జడలల్లి, తెల్లటి కఫన్ గుడ్డలో చుట్టాలి.

ఆ గదిలో తలుపు వేసి ఉంటుంది. ఎవరూ పిలవరు. బిస్మిల్లా అని చెంబు ఎత్తిన మొదటిసారి, తను ఇన్నేళ్ళుగా చదువుతున్న మాటలు తనకే వినబడ్డాయి నీళ్ళక్కకు. 'మేం ఆయనవాళ్ళం, ఆయన దగ్గరికే తిరిగి వెళ్తాం' అన్న మాట ఎన్ని చావుల్లో విన్నదో. చేతిలో ఒక మనిషి బరువు ఉన్నప్పుడు గాని అర్థం కాలేదు. గలేబు కుట్టకపోతే ఇంకొకరు కుడతారు. ఈ మనిషికి ఈ చివరి మర్యాద తను చేయాలి, తనే చేస్తోంది. బయటికొచ్చాక ఒళ్ళు తేలికైంది. మెట్లెక్కుతూ ఒక్కో అంతస్తుకూ కాస్త కాస్తగా మళ్ళీ బరువెక్కింది.

అలా మొదలైంది. పెద్దామె మోకాళ్ళు అరిగిపోయేసరికి పని పూర్తిగా నీళ్ళక్క చేతికొచ్చింది. గుడ్డ సంచిలో కత్తెర, పాత మెత్తటి గుడ్డలు, కర్పూరం పొట్లం పెట్టుకుని తలుపు పక్క కొక్కానికి తగిలించేది. ఎవరూ చావాలని ఆమె కోరుకోలేదు. కాని చావు కబుర్లు చెప్పే మసీదు మైకు గరగరమంటే చెవులు రిక్కించేది. రిక్కించినందుకు తప్పైందని తౌబా చెప్పుకునేది.

ఒకరోజు పొద్దున్నే ఒక ముసలావిడకు స్నానం చేయించి వచ్చింది. అత్తగారికి రాత్రంతా నొప్పి. మాత్ర వేస్తే మత్తుగా పడి ఉంది. రోజూ స్నానం చేయించే కుర్చీలోకి ఎత్తే ఓపిక లేక మంచం మీదే ప్లాస్టిక్ షీటు పరిచి, దుప్పటి కప్పి, నీళ్ళు తెచ్చుకుంది. అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. ఒక్క మాట లేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. నీళ్ళక్క మనసు ఎక్కడో తిరుగుతోంది, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తల కింద చెయ్యి, పొట్ట మీద చిన్న నొక్కు, జుట్టు, కుడి పక్క, ఎడమ పక్క. చివరి చెంబు ముందు ఆ చెయ్యి పొద్దున వచ్చి మంచం పక్కనే పడేసిన సంచిలోకి పోయి కర్పూరం పొట్లం విప్పింది. ఒళ్ళు తుడిచి, రెండు జడలల్లి, మూడోది అల్లుతుండగా అత్తగారి ముక్కుపుటాలు అదిరాయి.

ఆవిడ కళ్ళు తెరిచింది. కుడి చెయ్యి తల వెనక్కి పోయి జడలు తడిమింది.

"ఒసేయ్! బతికుండగానే నన్ను సాగనంపుతున్నావా!"

ఆ కేకకు ఎదుటి వాటా ఆవిడ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. పై అంతస్తువాళ్ళు దిగారు. కర్పూరం వాసన చూసి ఒకావిడ నిజంగానే "ఎప్పుడు పోయింది?" అని అడిగింది. "నేనింకా వింటూనే ఉన్నా!" అంది అత్తగారు.

సాయంత్రం భర్త మొత్తం విని, నవ్వాలో అరవాలో తెలియక లేచి నిలబడ్డాడు. తర్వాత సంచి తీసి అటక మీద పడేశాడు.

"ఇక చాలు. అమ్మ ఉన్నంతకాలం ఆ పని మానెయ్."

"పొరపాటైందండీ."

"పొరపాటే. అందుకే మానెయ్ అంటున్నా."

ఆ తర్వాత ఇల్లు ఇంకా చిన్నదైంది. మిషను, మంచం, పొయ్యి. పొయ్యి, మంచం, మిషను. మైకులో ఎవరో ఆడమనిషి పేరు వినబడితే పాదం మిషను పెడల్ మీదే ఆగిపోయేది. ఎవరు కడుగుతున్నారో, నీళ్ళు మరీ వేడిగా పోస్తున్నారేమో, గబగబా లాగేస్తున్నారేమో. "పని లేకపోతే ఇంట్లో దువా చేసుకో, అదీ సేవే" అని ఎదుటి వాటా ఆవిడ ఓదార్చింది. చేసుకుంది. గోడలు అక్కడే ఉన్నాయి. అత్తగారు ఆ రోజు నుంచి స్నానమప్పుడు కళ్ళు మూసుకోవడం మానేసింది. చెంబు ఎత్తిన ప్రతిసారీ వాసన చూసేది.

ఒక మధ్యాహ్నం పెద్దామె మూడంతస్తులూ ఎక్కి, గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూ నిలబడింది. దర్జీ వాళ్ళమ్మ పోయింది. కూతుళ్ళిద్దరూ నీళ్ళు పోస్తారు గాని వాళ్ళకు పని తెలియదు. తన మోకాళ్ళు వంగవు.

నీళ్ళక్క వెనక గదివైపు చూసింది. పెద్దామె ఆ చూపు అర్థం చేసుకుని నేరుగా మంచం దగ్గరికే నడిచింది.

"ఏం వదినా, ఎలా ఉన్నావు?"

"నీ శిష్యురాలిని అడుగు. దాని లెక్కలో నేను పోయాను."

"చేతి అలవాటు వదినా. ఇంత చిన్నదానికి ఇంత పగా?"

"చేతి అలవాటని నాకు తెలీదూ? కర్పూరానికి జడుసుకున్నానని ఊరంతా నవ్వుకున్నారు. నవ్వుకోండి." అత్తగారి గొంతు తగ్గింది. "ఆ రోజు మత్తులో ఉన్నా. నీళ్ళు వెచ్చగా పడ్డాయి. తల కింద చెయ్యి పెట్టి పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తింది. వేళ్ళ మధ్య ఒక్కొక్కటే కడిగింది. చెవుల వెనక తుడిచింది. ఎవరిదీ చెయ్యి, మా అమ్మదా అనుకున్నా. అప్పుడు తగిలింది వాసన. అదంతా నాకు కాదని అప్పుడు తెలిసింది."

ఆవిడ కుడి చేత్తో దుప్పటి అంచు పైకి లాక్కుంది.

"రోజూ నన్ను మాడిన గిన్నె తోమినట్టు తోముతుంది. పోయినవాళ్ళకైతే ఆ చెయ్యి వస్తుంది. ఆ చెయ్యి కావాలంటే నేనూ పోవాలా?"

"అడగకపోయావా మరి?"

"కోడల్ని అడుక్కోవాలా, ముద్దుగా నీళ్ళు పొయ్యమని!"

నీళ్ళక్క గుమ్మంలో నిలబడి చీర చెంగు మెలిపెడుతోంది. ఏమైనా అనాలి. అది అబద్ధం అనాలి. కాని కాదు. పోయినవాళ్ళు నీళ్ళు వేడిగా ఉన్నాయనరు, మోచెయ్యి తగిలిందనరు, ఏమే అని పిలవరు. వాళ్ళ దగ్గర మంచిగా ఉండటానికి ఏం ఖర్చవుతుంది? తన దగ్గరున్న మెత్తదనమంతా మెట్లు దిగి తీసుకుపోయి వాళ్ళకు ఇచ్చి, ఖాళీ చేతులతో పైకొచ్చింది ఇన్నాళ్ళూ.

"ఎవరూ, దర్జీ వాళ్ళమ్మేనా?" అని అడిగింది అత్తగారు ఉన్నట్టుండి.

"ఆవిడే."

"దానికి నడుం నొప్పి. లేపేటప్పుడు చూసుకోమను."

"పోయినదానికి నొప్పేంటి వదినా?"

"నాకేం తెలుసు? చెప్తున్నా. పోవే, పో. వాడడిగితే నేనే పంపానంటా. ఇదిగో, ఇది నా దగ్గర కూర్చుంటుందిలే, మోకాళ్ళు వంగవుగా."

నీళ్ళక్క అటక మీదినుంచి సంచి దింపుకుని వెళ్ళింది. దర్జీ ఇంట్లో తలుపు వేసి ఉంది, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, ఎవరూ పిలవలేదు. దుప్పటి కింద చెయ్యి పెట్టి, నడుం దగ్గర కాస్త ఆగి, మెల్లగా లేపింది. బిస్మిల్లా అంది. మాటలు వినబడ్డాయి, ఎప్పటిలాగే. కాని ఆ గదిలో ఇదివరకు దొరికిన చాటు ఇప్పుడు లేదు. ఒక్కో వేలూ కడుగుతుంటే, ఈ చేతుల్ని ఇక్కడే వదిలి పైకి వెళ్ళడం ఇక కుదరదని తెలుస్తూనే ఉంది. సేవ అనే మాటకు ఇంత బరువుందని ఎవరూ ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే మెట్లు దిగేదో లేదో.

మరునాడు పొద్దున అత్తగారిని బాత్రూంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. మణికట్టు మీద నీళ్ళు పోసుకుని చూసింది. మెడ వెనక చెయ్యి పెట్టింది. చెవుల వెనక తుడిచింది. వేళ్ళు విడదీసింది.

"ఏంటే ఆ నిమరడం? నేనింకా పోలేదు. కాస్త గట్టిగా రుద్దు, మురికి పోవద్దూ?"

గట్టిగా రుద్దింది.

"అంత గట్టిగానా!"

నీళ్ళక్కకు ఒళ్ళు మండింది. పళ్ళు బిగించి సబ్బు అందుకుంది. అత్తగారు కుర్చీలో ఒక పక్కకు జారి, పడిపోతానన్న భయంతో కుడి చేత్తో ఆమె మణికట్టు పట్టేసుకుంది. సబ్బు జారి తూముదాకా పోయింది. ఆవిడను నిటారుగా కూర్చోబెట్టాక కూడా ఆ పట్టు వదల్లేదు. సబ్బు తీయాలంటే చెయ్యి విడిపించుకోవాలి. ముందు గదిలో సగం కుట్టిన గలేబు మిషను సూది కిందే ఉంది. నీళ్ళు చల్లారుతున్నాయి.

నీళ్ళక్క నడుం వంచి అలాగే నిలబడి, ఖాళీగా ఉన్న రెండో చేత్తో చెంబు ముంచింది.