ఆయుధపూజ రోజు ఊరుకోని చేతులు

ఇవాళ ఆయుధపూజ. కడపలో మా జిమ్‌లోని కెటిల్‌బెల్స్ అన్నీ పసుపు కుంకుమలతో వరసగా కూర్చున్నాయి. పిడి ఉన్న ఈ ఇనుప గుండ్లను మా ఊరికి అలవాటు చేసింది మా కోచ్ రమణన్న. మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు పొద్దున్నే వచ్చి ఊపుతున్నారు. పూజలో పెట్టిన వస్తువును ఆ రోజంతా ముట్టకూడదని రమణన్న వాళ్లమ్మ గట్టిగా చెప్పింది.

చేతులు ఊరుకోక నేను నాలుగుసార్లు జిమ్‌కు వెళ్లొచ్చాను. రమణన్న నాకంటే ఘోరం. కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి దిష్టి తీసి కొట్టడానికి గుమ్మం దగ్గర పెట్టిన బూడిదగుమ్మడికాయను రెండు చేతులతో పట్టుకుని, కాళ్ల మధ్య నుంచి పైకి ఊపడం మొదలుపెట్టాడు.

“అమ్మ వద్దనింది కదన్నా?” అన్నాను.

“ఇదేమన్నా ఆయుధమా అప్పా? కూరగాయ!” అన్నాడు.

పదో ఊపుకు కాయ చేతుల్లోంచి జారి, గోడకు తగిలి ముక్కలైంది. అప్పుడే కర్పూరం పళ్లెంతో వచ్చిన వాళ్లమ్మ పళ్లెం పక్కన పెట్టింది. కొడుకు రెండు చేతులకూ పసుపు పూసి, వేలివేలికీ బొట్టు పెట్టింది.

“ఈ చేతులు శానా ఎగిరిపడతాండాయి. ఇంక రేపటి దంకా కదిలించొద్దు.”

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రమణన్నను చూసి నేను పగలబడి నవ్వాను. ఆమె కుంకుమ భరిణె పట్టుకుని నా వైపు తిరిగింది.

మీలో ఇవాళ ఎవరైనా కుదురుగా కూర్చున్నారా? నేనైతే ఇదంతా ఒక్క వేలితో టైపు చేస్తున్నాను. దానికి బొట్టు పెట్టడం ఆమె మరిచిపోయింది.