బాపు జేబులో ఫ్యూజు

మందమర్రిలో మా ఇంట్లో ఏ వస్తువూ ఊరికే పాడవదు. మోటరు ట్రిప్ అవుతుంది, మిక్సీ జామ్ అవుతుంది, ఫోన్ హ్యాంగ్, టీవీ డెడ్. అవ్వ అని మేం పిలిచే, బడి మొహం చూడని మా అమ్మ కూడా గ్యాస్ పొయ్యి వెలగకపోతే బ్రేక్‌డౌన్ అంటుంది. మా నాన్న, బాపు, బొగ్గుబాయిలో, అంటే గనిలో, ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఈ ఇంగ్లీషంతా ఆయన డ్యూటీ బట్టలతో పాటే ఇంటికొచ్చింది. ఎవరైనా 'ఖరాబైంది' అని ఊరుకుంటే నాకు చిరాకు. ఏమైందో సరిగ్గా చెప్పాలి కదా.

బాయిలో ఒక పద్ధతి ఉండేది. లైను మీద పని చేసేవాడు ఫ్యూజు పీకి తన జేబులోనే వేసుకోవాలి. పనయ్యి, మనుషులంతా పక్కకొచ్చాక మళ్లీ తనే పెట్టాలి. ఇంకెవరూ ముట్టుకోవద్దు. ఇంట్లోనూ బాపుది అదే పద్ధతి.

మొన్న ఎండాకాలం ఫ్యాన్ రిపేరంటూ మెయిన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. కాసేపటికి చూస్తే స్టూలు ఉంది, బాపు లేడు. సరిగ్గా అప్పుడే అవ్వకు ఆయాసం లేచింది. నెబులైజర్‌కు కరెంటు లేదు. పక్క క్వార్టర్‌కు తాళం. బాపుకు ఫోన్ చేస్తే అది మంచం మీదే మోగింది. అవ్వను వదిలి పోలేను, ఒక్కచోట నిలవలేను. గుమ్మానికీ మంచానికీ మధ్య తిరుగుతూ బాపును నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

ఆయన నింపాదిగా గేటు తీసుకుని వచ్చాడు.

"బాపూ, ఫ్యూజు ఇయ్యి, అవ్వకు దమ్మొస్తలేదు" అంటూ జేబులో చెయ్యి పెట్టబోయాను. గట్టిగా పట్టుకున్నాడు.

"ఆగు. లోపల మనుషులున్నరు."

"ఏ లోపల?"

"బాయిల."

ఆయన ముఖంలో తడబాటు లేదు, డ్యూటీలో ఉన్నట్టే నిలబడ్డాడు. అవ్వ మంచం మీంచి రొప్పుతూనే అంది: "అందరు పైకొచ్చిండ్రు. నేను చూసిన. ఇగ పెట్టు."

బాపు తలూపి, వెళ్లి ఫ్యూజు పెట్టాడు. మిషన్ గుర్రుమంది. ఆ మాట అవ్వ అనడం అది మొదటిసారి కాదని నాకు అప్పుడు అర్థమైంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసి, "బాపు ఎట్లున్నడు?" అని అడిగింది.

ట్రిప్, జామ్, హ్యాంగ్, డెడ్. ఇన్నేళ్లుగా వాడిన ఆ మాటల్లో ఒక్కదాన్నీ బాపు మీద పెట్టడానికి నోరు రాలేదు.

"మంచిగనే ఉన్నడక్కా" అన్నాను.