పదో మనిషి

చెన్నూరు నుంచి మంచిర్యాల వచ్చే బస్సులో, పక్క సీటులోని డిగ్రీ అమ్మాయి చేతిలో చరిత్ర పుస్తకం చూసి ఆగలేకపోయాను. లైబ్రరీలో కాకతీయుల మీద ఉన్నవన్నీ చదివానంటూ నస్పూర్ దాకా శాసనాల సంగతులే చెప్పాను.

శ్రద్ధగా విని ఆమె అంది: "నాకు మెయిన్ తెలుగు, రెండోది చరిత్ర సార్. పదిమంది లేకుంటే మా కాలేజీల చరిత్ర తీసేస్తరట. తొమ్మిదిమందిమే ఉన్నం, రేపే ఆఖరు. మీరు చేరరాదుండ్రి! వయసుతోని పని లేదట."

"నేను పదో తరగతే తప్పిన, బిడ్డా."

"అరె, గిన్ని చదివి కూడానా!"

లెక్కల్లోనే తప్పానని చెప్పబోయాను. అప్పటికే ఆమె ముందు సీటులోని ముసలామె భుజం తట్టింది.

"పెద్దమ్మా, మీ ఇంట్ల ఇంటర్ పాసైనోళ్లు ఉన్నరా?"

"ఉన్నడు బిడ్డా, దుబాయిల."